నా నల్లమెట్ల మీద కీరవాణి

నేను ఒక హార్మోనియాన్ని. మా కోటిలింగంగారి మీద నాకు ఫిర్యాదులు చాలానే ఉన్నాయి. ముక్కుపొడుం పీల్చిన వేళ్ళతోనే నా మెట్లు నొక్కుతారు. కాఫీ గ్లాసు పెట్టుకోవడానికి ఇంట్లో బల్లలే లేనట్టు నా నెత్తిన పెడతారు.

రాజమండ్రిలో ఒక వడ్రంగి నన్ను టేకుచెక్కతో చేసి, లోపల ఇత్తడి రీడ్లు బిగించాడు. మొదట భజన సమాజంవారు కొన్నారు. వాళ్ళ చిడతల మోతలో నా గొంతు దేవుడిక్కూడా వినపడి ఉండదు. తర్వాత ఒక నాటక సమాజానికి, అంటే కోటిలింగంగారి వేళ్ళ కిందికి వచ్చాను. నలభై ఏళ్ళలో ఆయన నా మీద కీరవాణి రాగం వాయించింది ఒక్క సందర్భంలోనే: కథానాయిక మూర్ఛపోయేటప్పుడు. ఆవిడ కొంగు సర్దుకుని, దుమ్ములేని చోటు చూసుకుని పడేదాకా రాగాన్ని సాగదీసేవారు. కొందరు అంత తొందరగా పడేవారు కాదు.

నాటకాలు తగ్గాక ఆయనతోపాటు మండపేటలో ఇల్లు చేరాను. కోడలు హైమవతి నా మీద సంగీతం మొదలుపెట్టింది. పొయ్యిమీద కూర మగ్గేలోపు సాధన. శంకరాభరణం తెల్లమెట్ల మీదే నడిచిపోయింది. గాంధారం, ధైవతం మాత్రం పక్క నల్లమెట్ల మీదికి దిగితే అదే కీరవాణి అవుతుందని తెలిసి, "రెండు మెట్లకే ఇంత మార్పా!" అని నోరు తెరిచింది. ఆ రెండూ వేళ్ళకి అలవాటయ్యేసరికి నెలరోజులు పట్టింది, మూడు కూరలు మాడాయి.

అంతలో ఆడపడుచు భానుజ సీమంతం వచ్చింది. వదిన వాయించాలని పట్టుబట్టింది. నలుగురిలో కూర్చోవడం హైమకి అదే మొదలు. ధైర్యంగా వాయించగలిగింది నెలరోజులు సాధన చేసిన కీరవాణి ఒక్కటే.

"శుభమా అని సీమంతం చేస్తుంటే ఆ ఏడుపు రాగమేంటమ్మా?" అన్నారు కోటిలింగంగారు.

"నాకు బాగా వచ్చింది అదొక్కటేనండి మావయ్యగారూ."

"అయితే మానెయ్యి."

హైమ తల వంచుకునే అడిగింది. "ఒక్క మాటండి. నాటకాల్లో మీరు దాన్ని అంత నెమ్మదిగా వాయించింది రాగం కోసమా, కథానాయిక పడ్డం కోసమా?"

ఆయన పొడుం డబ్బా వెతుక్కున్నారు. అది చేతిలోనే ఉంది.

"నాన్నా, వదిన వాయించకపోతే నేను గాజులు తొడిగించుకోను," అంది భానుజ. కడుపుతో ఉన్న కూతురికి ఎదురు చెప్పే తండ్రి ఇంకా పుట్టలేదు.

హైమ నా ముందు కూర్చుంది. మొదటి గాంధారమే తెల్లమెట్టు మీద పడింది. కోటిలింగంగారు ముఖం చిట్లించారు. అయిపోయిందనుకున్నాను. ఆమె ఆగకుండా నల్లమెట్టుకి దిగి, ఆదితాళంలో చిన్నచిన్న స్వరాలు గబగబా అల్లుకుపోయింది. గాజులవాళ్ళు తొడగడం ఆపి తాళం వేశారు. భానుజ నవ్వుతోంది. నేను కూడా తిత్తినిండా ఊపిరి పీల్చుకున్నాను. నాలో ఇంత హుషారైన కీరవాణి ఉందని నాకే తెలియదు.

వాయింపు ఆగింది. కోటిలింగంగారు పేరంటాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుని వచ్చి, అందరూ వినేలా అన్నారు:

"నాదే పొరపాటమ్మా హైమా. ఏడ్చింది మా నాటకం. రాగం ఏం చేసింది, పాపం!"