మోసుకొచ్చిన బ్యాటు

వానలు మొహం చాటేసిన ఏడాది బెళుగుప్పలో క్రికెట్ మహా జోరుగా సాగుతుంది. శనక్కాయ విత్తని చేలన్నీ మైదానాలే. రెండువేల రెండులో అంతే జరిగింది.

జట్టు మొత్తానికీ మంచి బ్యాటు ఒక్కటే. బంతి ఆడేవాడు దాన్ని పట్టుకుంటాడు, అవతలి కొసవాడికి చెక్కపలక. ఔటైనవాడు బ్యాటును గీత దగ్గరే వదిలి రావాలి. అది ఆ ఊరి కట్టుబాటు.

కెప్టెన్ ప్రవీణ్‌కు మాత్రం ఓపెనర్ సుంకన్న మీద అనుమానం. నిరుడు పాత బ్యాటు మాయమైన సాయంత్రం చివరగా ఆడింది అతడే. ఆ మాటకు బదులిస్తే సుంకన్న భుజాలు తడుముకున్నట్టే కనిపించేవాడు, ఊరుకుంటే ఒప్పుకున్నట్టే కనిపించేవాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? సుంకన్న ఔటైతే చాలు, ప్రవీణ్ గీత దాకా పరిగెత్తి బ్యాటు చేతిలోంచే లాక్కునేవాడు.

ఆ ఆదివారం కళ్యాణదుర్గం జట్టు మీద అందరూ ఔటయ్యారు, సుంకన్న తప్ప. ఆఖరివాడు చౌడప్ప అలవాటుగా బ్యాటు గీత దగ్గర వదిలి వచ్చేశాడు. సుంకన్న దాన్ని తీసుకుని, జట్టు వైపు కాకుండా రోడ్డు పక్కనున్న తన సైకిల్ వైపు నడిచాడు. దొరికాడు దొంగ అనుకుంటూ ప్రవీణ్ పరిగెత్తాడు.

"యాడికప్పా బ్యాటు తీసుకుని?"

సుంకన్న సైకిల్ మీది తువ్వాలుతో బ్యాటుకంటిన దుమ్ము తుడుస్తున్నాడు.

అంపైరింగ్ చేసిన శ్రీరంగప్ప మాస్టారు చప్పట్లు కొడుతూ వచ్చాడు. "బ్యాటు మోసినావప్పా సుంకన్నా. మొదట దిగి, జట్టంతా పడిపోయినా ఔట్ కానోణ్ణి అట్లంటారు. ముందు కాలంలో ఇంగ్లండోళ్లకూ మన మాదిరే బ్యాట్లు తక్కువంట. ఔటైనోడు తర్వాత వచ్చేవానికి వదిలేసి పోతాండె. కడదాకా నిలబడినోడే మోసుకొస్తాండె. అంతకన్నా గౌరవం లేదు."

"గౌరవం కోసం కాదు సార్. ఔటైతే ఈయప్ప అందరి ముందరా గుంజుకుంటాడు. ఈపొద్దన్నా నా చేత్తో నేనే ఇయ్యాలనుకున్న్యా."

అప్పటికే చాచి ఉన్న ప్రవీణ్ చేతిలో బ్యాటు పెట్టాడు. "చూసుకోప్పా, సరిగ్గా ఉండాదా? ఇంక నన్ను పిలవాకు."

సుంకన్న సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

పాత బ్యాటు ఎవరు తీశారో ఈనాటికీ తెలియదు. మరుసటి ఆదివారం కొత్త బ్యాటు భద్రంగానే ఉంది. దాన్ని పట్టుకుని మొదట దిగేవాడే లేడు.