పన్నెండంగుళాల పురి

మా ఆయన, నరసింగరావు బావ, పాత బనియన్లను చిన్న చిన్న చదరాలుగా కత్తిరించడం నా ఆదివారపు పని. ఆ ముక్కలతో తుపాకీ గొట్టం లోపల తుడవాలి. తుడిచేదీ నేనే. రాజాంలో బట్టల కొట్టు నడిపే మనిషి రైఫిల్ క్లబ్బుకి కార్యదర్శి అయ్యాక నడకే మారిపోయింది. నీళ్ళ గ్లాసు అడిగేటప్పుడు కూడా ఒక కన్ను మూసి గురి చూస్తాడు. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

కాలేజీలో ఎన్‌సీసీ తుపాకీతో నేను కాల్చిన ఐదు గుళ్ళూ ఒక రూపాయి బిళ్ళంత జాగాలో దిగాయి. ఆ గుళ్ళు దిగిన కాగితం పెళ్ళిచూపుల్లో చూసి, "పెళ్ళయ్యాక క్లబ్బులో సేర్పిస్తాను" అన్నాడు. ఎనిమిదేళ్ళయింది. ఈ ఏడాది పోటీలకి క్లబ్బు తరఫున ఆడవాళ్ళ చోటు ఒకటి ఖాళీగా ఉంది. నేనడిగితే మా అత్త నారాయణమ్మ, "నువ్వు తుపాకీ అట్టుకెల్తే పొయ్యెవులు ముట్టిస్తారే?" అంది. బావ నవ్వి ఊరుకున్నాడు. ఆ చోటు మీద నా ఆశ మాత్రం చావలేదు.

మూడొందల మీటర్ల పోటీకని క్లబ్బుకి కొత్త గొట్టం తెప్పించాల్సి వచ్చింది. గొట్టం లోపల మెలిక తిరిగిన గాడులుంటాయి. గుండును గిరగిరా తిప్పి సూటిగా పంపేవి అవే. ఒక గొట్టంలో ఆ మెలిక ఎనిమిదంగుళాలకి ఒక చుట్టు తిరుగుతుంది, ఇంకోదాంట్లో పన్నెండంగుళాలకి. బావ కంపెనీ పంపిన జాబితాలో పన్నెండు మీద వేలు పెట్టాడు. గుళ్ళలోనూ అన్నిటికన్నా బరువైనది, ఎనభై గ్రెయిన్లది ఎంచాడు. ఏది పెద్దదైతే అదే మగాడికి తగినదని ఆయన లెక్క.

మా అమ్మ పొందూరులో నూలు వడికేది. దారానికెక్కే మెలికని పురి అంటారు, అదేమిటో నాకు పలక పట్టకముందే తెలుసు. చుట్టు తిరగడానికి ఎక్కువ పొడవు పడుతోందంటే పురి వదులని అర్థం. "బావా, ఎనిమిదంటేనే పురెక్కువ. బరువు గుండు పొడుగ్గా ఉంటాది, దానికి గట్టి పురి కావాల" అన్నాను.

"ఒసే, ఎనిమిది పెద్దదా పన్నెండు పెద్దదా? గజంబద్ద అట్టుకు కూకున్నోడికి కొలతలు నువ్వు సెప్తావేటి? ఇది తుపాకీయే, మీయమ్మ రాట్నం కాదు."

క్లబ్బు నుంచి వచ్చిన నలుగురూ నవ్వారు, నేను పెట్టిన టీ తాగుతూనే. బావకి ఇంగ్లీషు రాదు గనక గొట్టం పంపమని కంపెనీకి ఉత్తరం రాసేదీ నేనే. ఇంకోసారి చెప్పాను. "రాయమన్నది రాయి" అన్నాడు. పన్నెండనే రాశాను. సంతకం ఆయన చేశాడు.

మూడు నెలలకి గొట్టం వచ్చింది. ఆ ఆదివారం గరివిడి అవతల క్లబ్బువాళ్ళు తుపాకులు కాల్చే రేంజికి టిఫిన్ పట్టుకుని వెళ్ళాను. బావ పది గుళ్ళు కాల్చాడు. కాగితం మీద మూడే కనిపించాయి, ఆ మూడు కన్నాలూ పొడుగ్గా, తాళంచెవి దూరే కన్నంలా ఉన్నాయి. క్లబ్బులో కాల్చడం నేర్పించే చంద్రమౌళి మాస్టారు, పాత మిలటరీ మనిషి, వాటిని వేలితో తడిమి చూశారు.

"గుండు అడ్డం తిరిగి పడతన్నాది. పురి సాల్లేదు. ఈ పన్నెండు రాసిందెవులు?"

పురి. అదే మాట అన్నారాయన. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మా ఆడదండి ఉత్తరం రాసింది" అన్నాడు బావ, నా వైపు చూడకుండా. "ఒసే, ఇంటికెల్లి ఎనిమిదని రాయి. ఈ గొట్టం పారేద్దాం."

ఇంత చిన్న మనిషికా ఎనిమిదేళ్ళు భయపడ్డాను అనిపించింది.

"గొట్టానికేటీ అవలేదు మాస్టారూ. ఇక్కడ బీరువాలో యాభై ఐదు గ్రెయిన్ల తేలిక గుళ్ళున్నాయి కదా, ఈ పురి వాటికి సరిపోతాది. గాలికి కొంచెం పక్కకెల్తాయి, సూసుకోవాల."

మాస్టారు బీరువా తాళం తీసి ఆ గుళ్ళు తెచ్చారు. "నువ్వు కాలుస్తావా అమ్మా?"

"దానికేటి తెల్సండి, టిఫిన్ తెచ్చింది" అన్నాడు బావ.

టిఫిన్ క్యారేజీ బావ చేతిలో పెట్టి, చీర కుచ్చిళ్ళు దోపుకుని చాప మీద బోర్లా పడుకున్నాను. చెయ్యి మరిచిపోయింది. ఐదింట్లో మొదటి రెండూ బాగా పక్కకి పోయాయి. తరవాత దూరంగా తుమ్మకొమ్మల ఊపు చూసి, గాలి నెమ్మదించేదాకా ఆగి ఒక్కొక్కటీ వదిలాను. మిగతా మూడూ నల్లచుక్కలోనే దిగాయి, కన్నాలు గుండ్రంగా ఉన్నాయి.

మాస్టారు పోటీల ఫారం తెచ్చిచ్చారు. ఆడవాళ్ళ గడిలో నా పేరు, ఈశ్వరి అని, నేనే రాసుకుని సంతకం పెట్టాను.

బావ క్యారేజీ పట్టుకుని ఇంకా అక్కడే నిలబడ్డాడు.

"బనియన్ ముక్కలు డబ్బాలో ఉన్నాయి బావా" అన్నాను. "గొట్టం సల్లారినాక తుడు."