సర్ది లేని గోలి

రుక్కమ్మకు విమానం చప్పుడంటే ఉరుమే. శంషాబాదులో ఎయిర్‌పోర్టు మొదలై నాలుగేళ్లయినా, రాత్రిపూట నెత్తిమీదుగా విమానం పోయిన ప్రతిసారీ లేచి, "వాన గొడ్తది, మిరపకాయలెత్తు" అని పక్కన పడుకున్న కోడల్ని తట్టి లేపేది. మిరపకాయలూ లేవు, అవి పండిన పొలమూ లేదు. కోడలు పూర్ణిమ ఒక్కతే ఉంది, కళ్ల కింద నల్లచారలతో. అవతలి గదిలో మొగుడు శివశంకర్ మాత్రం నిజంగా పిడుగు పడినా కదిలే రకం కాదు.

ఒకసారి జలుబుకని ఇచ్చిన సర్ది గోలితో అత్త తెల్లారేదాకా పడుకుంది. పూర్ణిమా పడుకుంది. జలుబు తగ్గింది గానీ, గోలి ఆగలేదు.

కొన్నాళ్లకే రుక్కమ్మ కోడల్ని "సత్తెమ్మా" అని, ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరుతో పిలవసాగింది. మతిమరుపుకు మందిస్తున్న పట్నం డాక్టరు కాగితం మీద బొమ్మ గీశాడు.

"మెదడు పైపొరలో ఎసిటైల్‌కోలిన్‌తో పనిచేసే నాడీకణాలుంటాయమ్మా. ఈ జబ్బులో ఆ రసాయనం తగ్గిపోతుంది. ఉన్న కాస్తా నిలబెట్టడానికే మన మాత్ర. ఇంకేమైనా వాడుతున్నారా?"

పూర్ణిమ డిగ్రీలో అయిదు మార్కుల కోసం బట్టీ పట్టిన పేరది. వెతుక్కుంటూ ఇంటికే వచ్చింది.

"మేమేం వాడ్తలేం సార్. మా పక్కింటామెనే, వాళ్లత్తకు రోజూ సర్ది గోలి వేస్తది, నిద్రకు."

"వెంటనే మానమనండి. ఆ గోలి ఈ రసాయనానికి అడ్డం పడుతుంది. మన మాత్ర వేసీ లాభముండదు."

"చెప్తా. పాపం, ఆమెకు గూడ నిద్ర గావాలె గద సార్."

డాక్టరు ఆమె కళ్ల వంక చూసి, రుక్కమ్మ చీటీ మీదే 'సర్ది గోలి వద్దు' అని రాశాడు.

గోలి ఆగింది. ఉరుములు మళ్లీ మొదలయ్యాయి. పూర్ణిమ పొయ్యి ముందు నిలబడే కునికేది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయేది. అలాంటి ఒక మధ్యాహ్నం, పప్పన్నం కలుపుతున్న రుక్కమ్మ తలెత్తింది.

"పూర్ణిమా, పప్పుల ఉప్పేసినవా లేదానే? పెండ్లయినకాంచి గిదే వంట."

పేరు వచ్చింది. వెంటే వంకలూ వచ్చాయి. పూర్ణిమకు నవ్వూ ఏడుపూ కలిసి రాబోయి, ఓపిక లేక ఆగిపోయాయి.

ఆ సాయంత్రం శివశంకర్ రాగానే తన చాప అతని చేతిలో పెట్టి, మిగిలిన గోలీల్లో ఒకటి నోట్లో వేసుకుంది.

"ఇయ్యాల మిరపకాయలు మీరెత్తుండ్రి."

"గదేంది, నీకు సర్ది లేదు గదనే?"

"మీ అమ్మకు గూడ లేకుండె."