గుంతలో కొత్త మట్టి

పోచయ్య ఇంజనులోంచి ఇనుప పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి తీశాడు. ఆయిలు గీత దాకా ఉంది. పుల్లను యథాస్థానంలో పెట్టి, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అక్కణ్ణుంచి మొక్క కోసం తవ్విన గుంత కనిపిస్తుంది.

యాభై రెండేళ్ళ మనిషి. పొట్టి, లావుపాటి మెడ. గోళ్ళ చుట్టూ పేరుకున్న నలుపు ఏ సబ్బుకూ లొంగలేదు. కుడి చెవి సగమే పనిచేస్తుంది. ఖానామెట్ కంకర మిల్లులో పదిహేనేళ్ళు, ఈ విదేశీ బ్యాంకు భవనం వెనక జనరేటరు గదిలో ఏడాది. ఈ పదహారేళ్ళూ ఇంజను పక్కనే గడిచాయి. కరెంటు పోయిన పదకొండు సెకన్లకు అతని ఇంజను అందుకునేది. పైన రెండు వందల కంప్యూటర్లు దాని మీదే నడిచేవి. పైవాళ్ళలో ఒక్కరికీ అతని పేరు తెలియదు.

తోటమాలి తిరుపతి పేరు మాత్రం అందరికీ తెలుసు. టీ తాగడానికి దిగివచ్చిన ఆడపిల్లలు అతన్ని పిలిచి పూల పేర్లు అడిగేవారు. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. పోచయ్య కంటే రెండేళ్ళే చిన్న. ఎండలో పనిచేసినా అతని చొక్కా తెల్లగానే ఉండేది. పోచయ్యకు అన్నిటికన్నా మండేది ఆ చొక్కాను చూస్తేనే.

ఎండాకాలం నుంచి ఆ మంట మరీ ఎక్కువైంది. తమవల్ల గాలిలో కలిసే పొగను ఏటేటా తగ్గిస్తామనీ, తగ్గించలేనిదానికి చెట్లు పెంచుతామనీ బ్యాంకు హెడ్డాఫీసు మాట ఇచ్చిందట. భవనం బాగోగులు చూసే సోమేశ్వరరావు నెలనెలా ఒక కాగితం నింపి పంపేవాడు. పోచయ్య అడిగితే విప్పి చూపించాడు. ఒక పక్క పోచయ్య కాల్చిన డీజిలు, ఇంకో పక్క తిరుపతి నాటిన మొక్కలు. పోచయ్య పని పాపం కింద, తిరుపతి పని పుణ్యం కింద.

ఇవాళ హెడ్డాఫీసు దొర వచ్చి కానుగ మొక్క నాటుతాడు. తిరుపతికి శాలువా కప్పుతారట. నిన్న సాయంత్రం అందరూ వెళ్ళాక, ఇంజనులోంచి తీసిన పాత ఆయిలు డబ్బాడు పోచయ్య ఆ గుంతలోనే ఒంపాడు.

ఇప్పుడు చూస్తే గుంతలో నలుపు లేదు. ఎర్రమట్టి, తడి తడిగా.

తిరుపతి చేతులు కడుక్కుంటూ వచ్చాడు. ఆ చొక్కా ఇవాళ భుజాల దాకా మట్టి కొట్టుకుపోయింది.

"గుంతల ఆయిల్ పడ్డదన్నా. డీజిల్ తెచ్చే ట్యాంకర్‌లకెళ్ళి కారినట్టుంది. మట్టంత ఎత్తిపోసి, గుట్టకాడ నుంచి వేరే తెచ్చిన."

"ట్యాంకర్ గంత దూరం ఏడికొస్తది?" అనేశాడు పోచయ్య. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

తిరుపతి అతని గోళ్ళ వైపు చూశాడు. ఒక్క క్షణమే.

"వస్తది తియ్యన్నా. ఇగ ఫికర్ లేదు."

తిట్టినా బాగుండేది. సోమేశ్వరరావుకు చెప్పినా బాగుండేది. ఈ మంచితనం కూడా వీడికే దక్కాలా అని పోచయ్య లోలోపల ఉడికిపోయాడు.

పదకొండింటికి సోమేశ్వరరావు పరుగున వచ్చాడు. "ఫోటోలు తీసేటప్పుడు కరెంటు పోయినా ఇంజను వెయ్యకు పోచయ్యా. పొగ కనిపించకూడదు. పైన బ్యాటరీల మీద పావుగంట నెట్టుకొస్తారు."

కరెంటు పోనే పోయింది. పోచయ్య చేతులు కట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. దొర మట్టి వేశాడు. చప్పట్లు వినిపించాయి. శాలువా కింద తిరుపతి చొక్కా మీది మట్టి కనిపించలేదు. ఫోటోలోకి ఒదగడానికి తిరుపతి రెండడుగులు పక్కకు జరిగితే, పోచయ్య తెలియకుండానే తన చొక్కా సర్దుకున్నాడు.

నాలుగింటికి సోమేశ్వరరావు మళ్ళీ వచ్చాడు. ఈసారి నింపాదిగా ఉన్నాడు.

"నీకు మంచి కబురు పోచయ్యా. పైన ఇంకో రెండు వందల సీట్లు వేస్తున్నారు. దీనికంటే పెద్ద జనరేటరు వస్తోంది. రెండిటికీ నువ్వే పెద్ద."

పోచయ్య గుండె ఉప్పొంగింది. "యాడ పెడ్తరు సార్?"

సోమేశ్వరరావు మొక్కల వరస చూపించాడు. "అక్కడే. వేరే చోటు లేదుగా."

"మరి దొర పెట్టిన మొక్క?"

"ఫోటోలు వెళ్ళిపోయాయిగా. మనం పంపాల్సింది అదే. తోటపని కూడా ఇవాళ్టితో ఆపేశారు. తిరుపతికి పొద్దున్నే, పనిలోకి రాగానే చెప్పాను."

పొద్దున్నే. ఉద్యోగం లేదని తెలిశాకే ఆ మట్టి మోశాడన్నమాట. తిరుపతి పనిముట్లు పెట్టుకునే నీళ్ళ మోటారు కొట్టం వైపు నడిచాడు పోచయ్య, సరిగా వినపడని ఆ కుడి చెవి మీద చెయ్యి వేసుకుని. ఆయిలు నేనే పోసిన అనాలా, నాకు పెద్ద పని ఇచ్చిండ్రు అనాలా? రెండోది అనాలనే ఆశ అప్పుడు కూడా నోట్లో ఊరుతూనే ఉంది.

కొట్టంలో ఎవరూ లేరు. తిరుపతి లింగంపల్లి బస్సు ఎక్కి అప్పటికి అరగంటైందని వాచ్‌మన్ చెప్పాడు.

మోటారు పైన గోడ మేకుకు పగిలిన అద్దం ముక్క వేలాడుతోంది. దాని అంచున పెట్టిన నల్ల దువ్వెన పళ్ళ మధ్య రెండు తెల్ల వెంట్రుకలు, కాస్త ఎర్రమట్టి.