కుడికాలి బూటు

డ్రైవరమ్మ తెల్లారగట్ల మొదటి ట్రిప్పు తిప్పి, బస్సు డిపోలో పెట్టి ఇంటికొచ్చేసరికి ఇంట్లోవాళ్ళు టీలు తాగుతుంటారు. ఆవిడా ఓ కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. కూర్చోడం పేరుకే. కుడికాలు మాత్రం బల్ల కింద బ్రేకు తొక్కుతూనే ఉంటుంది. ఎవరైనా కాస్త గట్టిగా తుమ్మితే చాలు, ఠక్కున తొక్కేస్తుంది. ఆ తొక్కుడికి ఆ కుర్చీ ముందు గచ్చు గుంటపడిపోయింది. అబద్ధం అనుకునేరు! ఇల్లు కడిగిన రోజు ఆ గుంటలో నీళ్ళు నిలిస్తే పిల్లి వచ్చి తాగిపోతుంది.

ఇల్లు ఆవిడ అన్నది. అన్న లిఫ్టులు బాగుచేసే మేస్త్రి. ఎంత ఎత్తు మేడైనా సరే మెట్లెక్కే పోతాడు. తను బాగుచేసిన లిఫ్టుని తనే నమ్మడు, అదో రకం నిజాయితీ. వదిన కర్టెన్లు కుడుతుంది. పొద్దస్తమానం కుట్టుమిషను ముందే, నోటినిండా గుండుసూదులు. నోట్లో సూదులున్న మనిషి ఏం నవ్వుతుంది, ఏం మాట్లాడుతుంది? "ఊఁ", "ఉహుఁ" - ఈ రెండు ముక్కలతోనే కాపురమంతా లాక్కొచ్చింది. దాంతో వీధి వీధంతా ఆవిణ్ణి మూతిముడుపుల మనిషని తేల్చేసింది. వీళ్ళందరి మీదా నానమ్మ, ఆ అన్నాచెల్లెళ్ళ తల్లి. పిల్లలకే కాదు, పేపరు వేసేవాడికి కూడా నానమ్మే. ఆవిడ నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు.

కాపురం చెడి డ్రైవరమ్మ ఆ ఇంటికొచ్చి చాలా ఏళ్ళయింది. వంటింటి వెనక గది ఆవిడది. ఇన్నేళ్ళలో ఆ గది గోడకి ఓ మేకు కొట్టుకోలేదు. పెట్టెలో బట్టలు పెట్టెలోనే. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు లేచిపోయేటట్టుండాలని, కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ బయటికీ తిరుగుతుంటుంది. పొమ్మన్నవాళ్ళు ఎవరూ లేరు. కానీ ఉండమన్నవాళ్ళెవరు? అక్కడే వచ్చింది తిరకాసు.

ఆ తిరకాసు తెలియాలంటే ఆ ఇంటి కానుకల సంగతి తెలియాలి.

ఆ వంశంలో కానుక ఇచ్చారంటే, అందులో మనసు లేకపోతే, అది నడుచుకుంటూ ఇచ్చినవాళ్ళ దగ్గరికే వెళ్ళిపోతుంది. చొక్కా అయితే చేతుల మీద దేక్కుంటూ పోతుంది. దుప్పటి గొంగళిపురుగులా ముడుచుకుంటూ సాగుతూ పోతుంది. ఫ్లవర్‌వాజు అంచు మీద గిరగిరా తిరుక్కుంటూ పోతుంది, పాపం, మలుపుల దగ్గర కాస్త నెమ్మదిగా. వీధిలో ఎవరూ వింతగా చూడరు. పైగా "ఏమండీ, మీకిచ్చిన గొడుగు ఇప్పుడే సందు తిరిగింది, గబగబా వెళ్తే అందుతుంది" అని దారి కూడా చెప్తారు.

క్రిస్మస్‌కి చుట్టాలంతా ఆ ఇంట్లోనే దిగుతారు. ప్రతివాళ్ళూ ప్రతివాళ్ళకీ ఇవ్వాలి. అంతమందికి మనసు పెట్టి ఇవ్వడం ఏ మనిషికైనా సాధ్యమా? పొద్దున పంచిందంతా సాయంత్రానికి రోడ్డెక్కేది. పోయినేడు మరీ అన్యాయం. నానమ్మ తమ్ముడు, పరుపుల కొట్టు మామ, అందరికీ అలారం గడియారాలిచ్చాడు. మర్నాడు అవన్నీ ఒక్కసారే మోగుకుంటూ బయల్దేరి రోడ్డు దాటుతుంటే పాలవాను ఆగిపోయింది, దాని వెనక బస్సు ఆగిపోయింది. ఆ బస్సు డ్రైవరమ్మదే. కిటికీలోంచి తల బయటపెట్టి "మామా, నీ గడియారాలు!" అని అరిస్తే, మామ ఆకాశంలోకి చూస్తూ "నావి కావే, పోలికంతే" అన్నాడు.

మిగతావాళ్ళవి ఒకసారి పోతే ఒకసారి నిలిచేవి. వదిన డ్రైవరమ్మకి ఇచ్చేది మాత్రం ఒక్క ఏడూ నిలవలేదు. ప్రతి క్రిస్మస్‌కీ ఓ పొట్లం ఇస్తుంది. ప్రతిసారీ ఆ పొట్లం వెనక గదిలోంచి లేచి, హాలు దాటి, వదిన బీరువాలో దూరుతుంది. "మనసులో లేనిది చేత్తో ఇస్తే ఏం లాభంలే" అని చుట్టాలు చెవులు కొరుక్కునేవాళ్ళు. వదిన నోట్లో సూదులు. డ్రైవరమ్మ కాలికింద బ్రేకు. అంతే, ఇద్దరి మధ్యా మాటల్లేవు.

ఈ ఏడు క్రిస్మస్ ఇంకో వారం ఉందనగా నానమ్మ అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది.

"ఇంక చాలర్రా ఈ ఊరేగింపు. ఈసారి ఒకళ్ళు ఒకళ్ళకే ఇవ్వాలి. కొట్టుకి పోయి కొనడానికి వీల్లేదు. ఇంట్లో ఉన్నదో, చేత్తో చేసిందో."

"ఎవరు ఎవరికివ్వాలో ఎట్లా తేలుతుందక్కా? చీటీలేద్దామా?" అన్నాడు మామ.

"నీ చేతికి చీటీలిస్తే నీకు నచ్చిన పేరొచ్చేదాకా తీస్తూనే ఉంటావు. చెప్పులు పట్రండి."

పద్ధతి ఏంటంటే, అందరూ ఒక్కో కాలి చెప్పు వదిన కర్టెన్ల సంచిలో పడెయ్యాలి. కళ్ళు మూసుకుని ఒకటి తియ్యాలి. ఎవరి చెప్పొస్తే కానుక వాళ్ళకి. పండగరోజు ఆ చెప్పుతో సహా ఇవ్వాలి, అప్పటిదాకా నోరు విప్పకూడదు.

"అంటే వారమంతా ఒంటి చెప్పుతో తిరగాలా?" అన్నాడు మామ.

"రెండోకాలికి ఏదో ఒకటి తగిలించుకో. నీ మొహమే ఎవరూ చూడరు, కాళ్ళు చూస్తారా!"

డ్రైవరమ్మ కుడికాలి బూటు పడేసింది. బ్రేకు తొక్కీ తొక్కీ దాని అడుగు కాగితంలా అరిగిపోయింది, పోతే పోనీ అనుకుంది. ఆవిడ చేతికొచ్చింది మామ చెప్పు. చెప్పు కాదది, పడవ.

ఆ వారం ఆ కుటుంబాన్ని చూడ్డానికి రెండు కళ్ళు చాలవు. మేస్త్రి ఓ కాలికి బూటు, ఓ కాలికి బాత్రూం స్లిప్పరుతో మేడలెక్కాడు. డ్రైవరమ్మ కుడికాలికి పాత రబ్బరు చెప్పు వేసుకుని బస్సు నడిపింది. బ్రేకు పడ్డప్పుడల్లా చెప్పు కీచుమనేది, వెనకెక్కడో ఓ ప్రయాణికుడు "ఎలకని తొక్కారండీ" అనేవాడు.

సరిగ్గా ఆ వారమే డిపో మేనేజరు ఆవిణ్ణి పిలిచాడు.

"వేరే ఊరి డిపోకి డ్రైవరు కావాలమ్మా. ఉండటానికి క్వార్టరిస్తారు. వెళ్తావా? క్రిస్మస్ రోజు మధ్యాహ్నం లోపల వచ్చి సంతకం పెట్టు. దాటితే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తా."

ఆవిడ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పడుకుంటే నిద్ర రాదు. పెట్టె తాళం వేస్తుంది, తీస్తుంది. వంటింట్లోకి వెళ్తుంది, ఎందుకొచ్చిందో మర్చిపోయి తిరిగొస్తుంది. చివరికి తనకి తనే ఓ మాట అనుకుంది: నా బూటు ఎవరి చేతిలో పడిందో ఏమో. ఒకవేళ వదిన చేతిలోనే పడి, అది కూడా వెళ్ళిపోయిందా, ఇంక నేనీ ఇంట్లో ఉండను.

పండగ వచ్చింది. అందరూ జతకలవని కాళ్ళతోనే చర్చికి వెళ్ళారు. మెట్లు దిగుతుంటే డ్రైవరమ్మ రబ్బరు చెప్పు పుటుక్కున తెగింది. ఒక కాలికి బూటు, ఒక కాలు వట్టిది, కుంటుకుంటూ ఇల్లు చేరింది.

హాల్లో కేకు కోశారు. ఒక్కరు ముట్టుకుంటే ఒట్టు. కానుకలు చేతులు మారుతున్నాయి, అందరి కళ్ళూ నేలమీదే. ఏది కదులుతుందో, ఎవరి పరువు పోతుందో!

డ్రైవరమ్మ మామకి ఓ దిండిచ్చింది, సీటు మీద వేసుకోవడానికి తను కుట్టుకున్నది.

"పరుపులమ్మేవాడికి దిండిస్తావటే! చేపకి నీళ్ళమ్మినట్టు!" అంటూనే మామ దాన్ని కుర్చీలో పడేసి దాని మీద బరువంతా దించాడు. "ఇంక నా కింద నలిగాక ఇది ఎటు పోతుందో చూస్తా."

అప్పుడు లేచింది వదిన. నోట్లో సూదులతోనే లేచింది. కర్టెన్ ముక్కలో చుట్టిన పొట్లం తెచ్చి డ్రైవరమ్మ చేతిలో పెట్టింది. పైకి బూటు మడమ కనిపిస్తోంది.

అందరి తలలూ ఒక్కసారి అటు తిరిగాయి.

"థాంక్స్ వదినా" అని డ్రైవరమ్మ ఆ పొట్లాన్ని అట్లాగే కుర్చీ కింద పెట్టేసింది. కుడికాలు గుంటలో బ్రేకు మీద బిగుసుకుంది.

కాసేపటికి కుర్చీ కింద గుడ్డముక్క కదిలింది. దాంట్లోంచి బూటు బయటికొచ్చింది. ఒంటి బూటు కదా, గెంతుకుంటూ పోవాలి మరి. టక్. టక్. టక్. మామ కాళ్ళు పైకెత్తి దారిచ్చాడు. అది హాలు దాటింది, వదిన గదిలోకెళ్ళింది, తలుపు ఓరగా ఉన్న బీరువాలోకి ఒక్క గెంతు గెంతింది.

వదిన మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది.

"సరేలే, తెలిసిందేగా" అని డ్రైవరమ్మ లేచింది. వెనక గదిలోంచి పెట్టె తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది. "అన్నయ్యా, నేను వేరే ఊరి డిపోకి పోతున్నా. క్వార్టరిస్తారంట. మధ్యాహ్నం లోపల సంతకం పెట్టాలి."

"పండగపూట ఏంటే ఈ మాటలు!" అన్నాడు మేస్త్రి.

"పండగపూటేగా తెలిసేది, ఎవరి మనసులో ఏముందో. నా బూటు నాకివ్వండి, ఒంటికాలితో పోలేను."

ఎవరూ కదలకపోయేసరికి తనే వెళ్ళి బీరువా తలుపు లాగింది. లాగడంతోనే బూటుతో పాటు పొట్లాలు జలజలా కాళ్ళ మీద పడ్డాయి. ఏళ్ళ తరబడివి. ముడి విప్పనివి. దారం కూడా చెక్కుచెదరనివి.

వెనకే వచ్చిన వదిన నోట్లోంచి సూదులు ఒక్కోటీ తీసి పైటకి గుచ్చుకుంది. ఆవిడ అన్ని సూదులూ తియ్యడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"అమ్మాయ్, అవేంటో తెలుసా నీకు?"

డ్రైవరమ్మ కాళ్ళ మీద పడ్డ పొట్లాల వైపు చూసింది.

"కిటికీ వైపు చెయ్యి ఎండకి మాడిపోతోందని తొడుగు కుట్టా. ఒక్క చేతికే! ఒంటిచేతి తొడుగు లోకంలో ఇంకెవరికి పనికొస్తుంది? అదేమో నీ నడుముకని దిండు. నువ్వు సోఫాలో కునుకు తీస్తుంటే దారంతో కొలిచా. అది తెల్లారగట్ల చలికి మఫ్లరు. ఒక్కటి, ఒక్కటన్నా విప్పి చూశావా?"

"విప్పేలోపే పోయేవిగా!"

"విప్పకపోబట్టే పోయాయి!"

హాల్లోంచి నానమ్మ గొంతు వినిపించింది. "ఒరేయ్ తమ్ముడూ, నీ కింద దిండు పోయిందా?"

"ఎక్కడికి పోతుందక్కా? ఇచ్చిందగ్గర్నుంచీ కూర్చునే ఉన్నాగా."

"అదిగో. ఇన్నేళ్ళూ ఇచ్చినవాళ్ళనే ఆడిపోసుకున్నాం. పుచ్చుకున్నవాళ్ళు పుచ్చుకున్నారో లేదో ఒక్క వెధవా అడగలేదు. నాతో సహా."

మామకి ఆశ పుట్టింది. "అయితే అక్కా, నా గడియారాలు కూడా..."

"నీవి మాత్రం నీ బుద్ధివల్లే పోయాయి. కూర్చో."

డ్రైవరమ్మ ఒంటిచేతి తొడుగుని చేతిలోకి తీసుకుంది. మోచేతి దగ్గర, స్టీరింగు తిప్పినప్పుడు పట్టేసే చోట, వదులుగా ఓ మడత పెట్టి ఉంది. దాన్ని వేలితో తడిమింది. కానీ ఆవిడదీ ఆ వంశం మొండితనమే కదా.

"మేనేజరు కూర్చునుంటాడు. వస్తానని చెప్పా" అంది నేలచూపులు చూస్తూ.

"వెళ్తే వెళ్ళు" అంది వదిన. "వట్టికాలితో మాత్రం పోకు. వేసుకుని వెళ్ళు."

డ్రైవరమ్మ బూట్లో కాలు పెట్టింది. అరిగిన అడుగు మీద కర్టెన్ల లోపలి గుడ్డ పొరలు పొరలుగా వేసి, చేతికుట్టుతో దగ్గరదగ్గరగా కుట్టి ఉంది. బొటనవేలి కింద, బ్రేకు ఒత్తుకునే చోట, ఇంకాస్త దళసరి. కాలికి మెత్తగా, వెచ్చగా తగిలింది. ఆవిడ ఇంకేం అనకుండా పెట్టె పట్టుకుని గేటు దాటింది.

సందు చివరిదాకా బాగానే నడిచింది. డిపోకి అక్కడ కుడివైపు తిరగాలి. ఎడమకాలు తిరిగింది. కుడికాలు తిరగలేదు. అది మడమ మీద గిర్రున తిరిగి ఇంటివైపు మొహం పెట్టి నిలబడింది. ఆ బూటుకి తెలిసిన దారి ఒకటే మరి.

డ్రైవరమ్మ కాలు విదిలించింది. లాభం లేదు. ఎడమకాలు డిపోకి ఓ అడుగేస్తే కుడికాలు ఇంటికి ఓ అడుగేస్తుంది. పెట్టె పట్టుకుని సందు మొగలో బొంగరంలా తిరుగుతుంటే, మూలింటి వరండాలో మిషను ముందు కూర్చున్న టైలరు కళ్ళు చికిలించి, "ఏమ్మా డ్రైవరమ్మా, రివర్సు పడిందా?" అన్నాడు.

"పడిందండీ" అంది ఆవిడ. అని, ఎందుకో నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళు కూడా తడిశాయి. బూటు తియ్యడం ఎంతసేపు? రెండు ముళ్ళు లాగితే ఊడొస్తుంది. వంగింది కూడా. కానీ ముడి పట్టుకున్న చెయ్యి మనసు మార్చుకుని, దాన్నే ఇంకాస్త బిగించి కట్టింది.

గేటు చప్పుడైతే మేస్త్రి పరుగున వచ్చి పెట్టె అందుకున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. వదిన టీ పెట్టింది. డ్రైవరమ్మ మఫ్లరు చుట్టుకుని, ఒంటిచేతికి తొడుగు వేసుకుని, నడుం వెనక దిండు పెట్టుకుని తన కుర్చీలో కూర్చుంది. చూస్తే ఎక్కడో మంచుకొండల్లో బస్సు నడపడానికి బయల్దేరినట్టుంది.

మధ్యాహ్నం దాటిపోయింది. ఆ క్వార్టరు ఎవరికి పోయిందో ఆవిడ అడగనూ లేదు.

అప్పుడు తుమ్మాడు మామ. మామూలు తుమ్ము కాదు, బల్లమీద కప్పులు ఎగిరి సాసర్లు మార్చుకున్నాయి. అలవాటు కొద్దీ అందరూ వంగి బల్లకిందకి చూశారు. కుడికాలు కదల్లేదు. పక్కకి వాలి, హాయిగా నిద్రపోతున్నట్టుంది.

మర్నాడు డ్రైవరమ్మ వెనక గది గోడకి మేకు కొడుతున్న చప్పుడుకే వీధంతా లేచింది. ఇల్లు కడిగినా ఇప్పుడు ఆ గుంటలో నీళ్ళు నిలవడంలేదు. నీళ్ళకి చోటేదీ, అందులో పిల్లి పడుకుంటోంది. సగం పిల్లి గుంటలో, సగం పిల్లి బయట.