పడమటి గోలు

మార్చి నెలలో మా జెరబిన్ ఊరి వాళ్లందరం ఛాంపియన్లమే. అప్పటికింకా ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోయి ఉండం కనక. చేతులతోనూ ఆడే మా ఫుట్‌బాల్ ప్రాక్టీసు ఆట రోజున ఐవన్ రీతస్ తన పాత కారుని ఎప్పటిలాగే గ్రౌండు కంచెకి ముక్కు ఆనించి నిలబెట్టాడు. స్టీరింగు ముందు ఐవన్, పక్కన నేను. వెనక సీట్లో రోస్లిన్, ఆమె ఫ్లాస్కు, ఆమె కంబళి, ఆమె కోపం. ఆ కార్లో కూర్చుని మేం ఏటా టీములో పద్దెనిమిది మందినీ ఎంచుతాం. మమ్మల్ని ఎవరూ అడగరు. అయినా ఎంచుతాం.

“బ్రాడీ మోకాలు నయమైందంటావా, లిన్?” అన్నాడు ఐవన్.

“ఏం నయం? ఆ నడక చూడు. వాడికంటే బాతు నయం,” అన్నాను.

“బాతో, కొంగో. మధ్యలో బంతి పైకి లేచినప్పుడు ఎగిరి కొట్టడానికి మనకి ఇంకెవడున్నాడు చెప్పు? ఉన్న పొడుగోళ్లంతా గనుల్లో పనికి పోయారు.”

“మా డార్సీకి ముందు వైపు సాయం ఒక్కడుంటే చాలు. ఈసారి ఫైనల్స్‌కి వెళ్తాం, రాసిపెట్టుకోండి,” అంది రోస్లిన్. డార్సీ ఆమె కొడుకు. మా టీములో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టేది వాడే.

“నీ కొడుక్కి సాయం కాదు తల్లీ, బంతి పక్కవాడికిచ్చే బుద్ధి కావాలి,” అన్నాను.

“ఎందుకివ్వడూ? పట్టుకునే చేతులున్నవాడు ఒక్కడు కనిపించనీ, ఇస్తాడు.”

నవ్వుకున్నాం. అంతలో ఐవన్ అవతలి గోలు దగ్గర నిలబడ్డ కొత్త కుర్రాడిని గడ్డంతో చూపించాడు. “వెనక వైపుకి మాత్రం మాడక్ దొరికాడు. వాడుంటే గోడ కట్టినట్టే.”

కీరన్ మాడక్ పోయినేడాది దాకా కూరంగ్ ఊరి తరపున ఆడాడు. మా ఊరి పిల్లని చేసుకుని ఈ ఏటి ఆటలకి ముందే ఇక్కడికి మారాడు. మంచి ఆటగాడు, మర్యాదస్తుడు. కానీ వాణ్ని చూస్తే మాకు మొదట గుర్తొచ్చేది వాడి ఆట కాదు, పోయిన ఆగస్టు.

ఆ ఆగస్టులో ఆఖరి మ్యాచ్ కూరంగ్ తోనే. గెలిస్తే పంతొమ్మిదేళ్ల తర్వాత ఫైనల్స్. రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. డార్సీ తన్నిన బంతి గాల్లో ఉండగానే ఆట ముగిసిన సైరన్ మోగింది. అది ఎత్తు స్తంభాల మధ్య నుంచి శుభ్రంగా వెళ్తే ఆరు పాయింట్లు, దారిలో ఎవడి వేలు తగిలినా ఒక్కటే. గీత మీద మాడక్ ఎగిరాడు. బంతి వాడి చేతుల మీదుగా వెళ్లిపోయింది. మా లీగులో గోలు దగ్గర నిలబడే అంపైర్ని ఏ క్లబ్బుకి ఆ క్లబ్బే పంపాలి. ఇరవై ఆరేళ్లుగా మేం పంపేది మెర్విన్ పెచెల్‌ని. సొంత ఊరివాడే కదా, రెండు జెండాలు ఊపి గోలిస్తాడని అందరం చూశాం. మెర్వ్ ఒక్క వేలు చూపించి ఒక్క జెండా ఊపాడు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

ఎవరి ఫోన్లో చూసినా జనం వీపులే తప్ప బంతి కనపడలేదు. మెర్వ్ వెనక, పడమటి గోలు కంచె దగ్గర, నిలబడ్డవాణ్ని నేనొక్కణ్ణే. డ్రెస్సింగ్ రూములో డార్సీ నేల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. మెర్వ్ జెండాలు లోపల పెట్టి వెళ్లిపోయేదాకా అందరూ వాణ్నే గుడ్లురిమి చూశారు. తర్వాత ఊరంతా నా వైపు తిరిగింది. “లిన్, నువ్వక్కడే ఉన్నావు కదా. తగిలిందా?”

తగిలింది. నేను చూశాను. మాడక్ వేలు వెనక్కి వంగడం కూడా చూశాను.

“కళ్లలో ఎండ పడింది. సరిగ్గా కనపళ్లేదు,” అన్నాను.

మెర్వ్, నేను ఒకే బడిలో చదివాం. ఒకే ఏడాది గోధుమ గోదాముల్లో పనికి చేరాం. వాడి పెళ్లికి తోడుపెళ్లికొడుకుని నేనే. అంతటివాణ్ని ఒక్క ముక్కతో నట్టేట వదిలేశాను. ఊళ్లో వాణ్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అంతకంటే నీచంగా చేశారు. పచారీ కొట్లో వాడొస్తే మాటలు ఆపేసేవారు. వాడింటి ముందు పోస్టు డబ్బాలో ఎవరో పాత కళ్లజోళ్లు పడేసి పోయేవారు. క్లబ్బు వార్షిక విందులో రోస్లిన్ లేచి నిలబడి, “ఆయనకి చేతికర్ర ఇవ్వండి, జెండాలొద్దు,” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మెర్వ్ భోజనం సగంలో వదిలేసి, భార్య గ్లెనిస్‌ని తీసుకుని ఇంటికెళ్లిపోయాడు. మళ్లీ గ్రౌండులో అడుగు పెట్టలేదు.

ఏప్రిల్ మొదటి గురువారం సాయంత్రం క్లబ్బులో సూపు, మేక చాప్స్. శనివారం తొలి మ్యాచ్‌కి టీము పేర్లు చదివారు. మాడక్ పేరు చదవగానే చప్పట్లు. ఐవన్‌కి నోరు ఆగదు. చప్పట్లు తగ్గక ముందే, “ఒక్క మాట చెప్పు బాబూ. ఆ రోజు బంతి నీకు తగిలిందా, లేదా?” అన్నాడు.

మాడక్ అందరి మొహాలూ చూశాడు. “తగిలిందండీ,” అని కుడిచెయ్యి ఎత్తాడు. ఉంగరపు వేలు చివర కణుపు కిందికి వంగిపోయి ఉంది. “ఇది ఇప్పటికీ నిటారుగా రాదు. ఆ బంతికే విరిగింది. మా ఊళ్లో అందరికీ తెలుసు. మీకు తెలీదా?”

“నువ్వెప్పుడూ చెప్పలేదే,” అన్నాడు క్లబ్బు ప్రెసిడెంటు నీల్ హాబెల్.

“మీరెవరూ అడగలేదు కదండీ.”

గరిటె పట్టుకుని సూపు పోస్తున్న రోస్లిన్ అలాగే నిలబడిపోయింది. డార్సీ పళ్లెం పక్కకి తోసేశాడు. కాసేపయ్యాక నీల్ నా భుజం మీద చెయ్యేశాడు. “లిన్, రేపు వెళ్లి మెర్వ్‌కి చెప్పు. క్లబ్బు తరపున క్షమాపణ చెప్పు. నువ్వైతేనే బాగుంటుంది. నీ స్నేహితుడు కదా.”

నా గుండెల మీంచి బండ దిగినట్టయింది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ సాయంత్రం నేను సంతోషంగా ఇంటికెళ్లాను. నిజం బయటపడింది, నా పేరు మాత్రం బయటికి రాలేదు. ఇంకేం కావాలి?

శుక్రవారం పొద్దున వెళ్లేసరికి మెర్వ్ కోళ్ల దొడ్డి తలుపుకి బందు బిగిస్తున్నాడు. ఏడు నెలల్లో ఆ పెరట్లోకి వెళ్లడం అదే మొదటిసారి. వాడు చిక్కిపోయాడు.

“మెర్వ్, మంచి కబురు తెచ్చాను.”

“ఏంటి, వానొస్తుందా?”

మాడక్ చెప్పింది చెప్పాను. వేలు గురించి చెప్పాను. స్క్రూ బిగిస్తూనే విన్నాడు.

“మంచి కుర్రాడు. వేలు సరిగ్గా కట్టించుకోలేదన్నమాట,” అన్నాడు.

“నీల్ క్షమాపణ చెప్పమన్నాడు. రేపు నువ్వు రావాలి. గోలు దగ్గర నువ్వే నిలబడాలి.”

“ఒరేయ్, తగిలిందని నాకు మాడక్ చెప్పాలా? నా ముక్కు ముందే కదా తగిలింది.”

“అదే. ఇప్పుడు అందరికీ తెలిసింది కదా.”

“నీకెప్పుడు తెలిసింది?”

చెప్పేయడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. మనిషన్నవాడు చెప్పేసేవాడు. “నాకా? నిన్ననే. అందరితో పాటే,” అన్నాను.

మెర్వ్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. “ఆ రోజు నేను వేలెత్తక ముందే నా వెనక నుంచి ఎవడో ‘తగిలింది!’ అని అరిచాడురా. ఆ గొంతు నాకు అరవై ఏళ్లుగా తెలుసు.”

అవును, అరిచాను. ఇంతవరకు మీకూ చెప్పలేదు. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఆ జనం గోలలో కలిసిపోయిందనుకున్నాను.

“ఎండ కళ్లలో పడిందన్నావట,” అన్నాడు మెర్వ్. గొంతు పెంచలేదు. “పడమటి గోలు వెనక నిలబడి గ్రౌండు వైపు చూస్తున్నవాడికి సాయంత్రం ఎండ వీపు మీద పడుతుందిరా, లిన్. ఈ ఊళ్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ఒక్కడూ అడగలేదు.”

“నేనరిచానని నువ్వెందుకు చెప్పలేదు మరి?”

“నేను చెప్తే అది నా మాటే అవుతుంది. నా మాట అప్పటికే ఎవరికీ అక్కర్లేదు. నీ మాట కావాలి నాకు. ఈ వారం వస్తాడు, వచ్చే వారం వస్తాడు అనుకున్నాను. నువ్వు క్రిస్మస్‌కి కార్డు పంపావు.”

గ్లెనిస్ వంటింటి తలుపు తీసుకుని టీ పట్టుకొచ్చింది. ఒక్క కప్పే. దాన్ని మెర్వ్ పక్కన గట్టు మీద పెట్టి, నా వైపు చూడకుండానే లోపలికి వెళ్లిపోయింది. నేను ఇంకేదో అన్నాను, ఏమన్నానో గుర్తులేదు. వాడు మళ్లీ స్క్రూలు బిగించుకోవడం మొదలుపెట్టాడు.

మర్నాడు శనివారం. తొలి మ్యాచ్. ఐవన్ కారు కంచె దగ్గర, మేం ముగ్గురం కార్లో. మెర్వ్ రాడని మాత్రం వాళ్లకి చెప్పాను. గోలు దగ్గర అంపైరుగా ఎవరో కుర్రాణ్ని బతిమాలి నిలబెట్టారు. ఆట మొదలవడానికి పది నిమిషాలుంది.

“బ్రాడీ మొదటి సగం లాగితే చాలు. మాడక్ వెనక కాపు కాస్తాడు. డార్సీ ఓ అయిదు గోల్స్ వేస్తే, మొదటి అయిదు టీముల్లో ఉండి ఫైనల్స్‌కి ఎందుకెళ్లం?” అన్నాడు ఐవన్.

రోస్లిన్ ఇంకా ఫ్లాస్కు మూత తెరవలేదు. “రాత్రంతా నిద్ర లేదు. ఆ విందులో నేనన్న మాటే చెవిలో తిరుగుతోంది. రేపు కేకు చేసి పట్టుకెళ్తాను. తప్పు నాదే. కానీ మనకెవరికీ తెలీదు కదా, లిన్? తెలిస్తే అలా అంటామా?” అంది.

ఊఁ అంటే సరిపోయేది. ఏడు నెలలు అలాగే ఊఁ అన్నాను. ఆ రోజు అలా అనడానికి నోరు రాలేదు.

“నాకు తెలుసు,” అన్నాను.

“ఏం తెలుసు?”

“తగలడం చూశాను. తగిలిందని అరిచింది కూడా నేనే. ఎండ నా కళ్లలో లేదు, వీపు మీదుంది.”

ఐవన్ రేడియో ఆపేశాడు. రోస్లిన్ చాలా నెమ్మదిగా మాట్లాడింది. ఆమె కోపం మాకు అలవాటే. ఆ నెమ్మది అలవాటు లేదు.

“ఏడు నెలలు నా చేత ఆ మనిషిని తిట్టించావు. నా ముందు సీట్లో కూర్చుని విన్నావు. నేను జోకేస్తే నవ్వావు. నా కొడుకు ఆయన పేరు చెప్తే ఉమ్మేసేవాడు. నేను వద్దనలేదు. నన్ను ఎలాంటి మనిషిని చేశావో తెలుసా నీకు?”

ఆమె కంబళి మడిచి సీటు మీద పెట్టి, తలుపు తీసుకుని దిగింది. కొడుకు ఆడే మ్యాచ్‌లో మొదటి బంతి చూడకుండా రోస్లిన్ ఎప్పుడూ కదల్లేదు. ఆ రోజు జట్లు మైదానంలోకి పరిగెడుతుంటే ఆమె గేటు దాటి, మెర్వ్ వాళ్ల వీధి వైపు నడుచుకుంటూ వెళ్లిపోయింది.

“ఎందుకురా?” అన్నాడు ఐవన్.

“ఆ రోజు డ్రెస్సింగ్ రూములో అందరూ వాణ్ని ఎలా చూస్తున్నారో చూశాను. నన్నూ అలాగే చూస్తారని భయమేసింది. అంతే.”

“అంతేనా?” అన్నాడు ఐవన్. ఆ తర్వాత రెండు క్వార్టర్లు, అంటే సగం ఆట అయ్యేదాకా, మేం ఆట గురించి కూడా మాట్లాడుకోలేదు.

మూడో క్వార్టర్ సగంలో గేటు దగ్గర కదలిక కనిపించింది. ముందు రోస్లిన్, ఆమె వెనక గ్లెనిస్, ఆ వెనక మెర్వ్. ఆమె వాళ్లకి ఏం చెప్పి తీసుకొచ్చిందో ఎవరికీ తెలీదు. రోస్లిన్ కళ్లు వాచి ఉన్నాయి. మెర్వ్ కంచె దగ్గర నిలబడి, ఇన్నాళ్లూ ఎక్కడికీ వెళ్లనట్టే ఆట చూడడం మొదలుపెట్టాడు.

మొదట నీల్ వెళ్లాడు. తర్వాత కార్ల తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. జనం వెళ్లి చెయ్యి కలిపి వస్తున్నారు. క్వార్టర్ ముగియగానే డార్సీ కోచ్ దగ్గరికి పోకుండా నేరుగా కంచె దగ్గరికి పరిగెత్తాడు. వాడు ఏమన్నాడో నాకు వినపడలేదు. మెర్వ్ వాడి చెమట పట్టిన తల మీద చెయ్యి పెట్టడం మాత్రం కనిపించింది. ఆ రోజు మేం ఇరవై రెండు పాయింట్లతో ఓడిపోయాం. సైరన్ మోగినా చాలామంది ఇళ్లకి వెళ్లలేదు, మెర్వ్ చుట్టూనే ఉన్నారు.

నేనూ వెళ్లి వరసలో నిలబడ్డాను. ఐవన్ చూస్తున్నాడు, రోస్లిన్ చూస్తోంది. అప్పటికి నేను చెప్పింది ఊరందరికీ పాకిపోయింది. నా ముందువాడు ఒకసారి వెనక్కి తిరిగి చూసి మళ్లీ ముందుకి తిరిగాడు. చెప్పాల్సిన మాటలన్నీ లోపల ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటున్నాను. బడి గురించి, గోదాముల గురించి, ఎంత పిరికివాణ్నో, ఎంత సిగ్గుపడుతున్నానో.

నా వంతు వచ్చింది. మెర్వ్ అందరికీ ఇచ్చినట్టే నాకూ చెయ్యి ఇచ్చాడు. అందరి చేతినీ పట్టుకున్నంతసేపే నాదీ పట్టుకున్నాడు. “వచ్చినందుకు థాంక్స్,” అన్నాడు. తర్వాత నా వెనకవాడి వైపు చెయ్యి చాపాడు.