మూడు గీతలు

పెద్దమేస్త్రి శవాన్ని మోసుకొచ్చిన వాళ్లు శ్మశానం గేటు ముందే ఆగిపోయారు. గేటుకు కొత్త తాళం. లోపల క్వారీ కాంట్రాక్టరు లారీ రాళ్లు దించుతోంది.

"మా నాన్నని ఎండలో ఎంతసేపు పెట్టుకోవాలయ్యా?" అంది మేస్త్రి కూతురు.

"ఇది శ్మశానం కాదు, మా రాళ్ల యార్డు. ఇంకెక్కడైనా చూసుకోండి" అన్నాడు కాపలావాడు.

నీళ్లత్తకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లుగా అక్కడ నీళ్లు మోసి డ్రమ్ములు నింపే మనిషి. క్వారీ గోడ విరిగిపడి పదకొండు మందిని మింగిన రోజు మొదలైంది ఆ శ్మశానం. ఆ పదకొండులో ఆవిడ మొగుడొకడు. ఊరి శ్మశానంలోకి కూలీల శవాలను రానివ్వకపోతే, గడ్డపార దిగని ఆ రాతినేలనే ఉలులతో తొలిచి పూడ్చారు. రేకుల షెడ్డు వాళ్లే వేసుకున్నారు, దారి వాళ్లే చదును చేసుకున్నారు. మండలాఫీసు వాళ్లు ఇచ్చింది ఒక్క కుళాయి. అందులో నీళ్లు ఏనాడూ రాలేదు.

శవాన్ని గోడ నీడన దించి, నలుగురిని వెంటేసుకుని అత్త ఆఫీసుకెళ్లింది. కుళాయిలో నీళ్ల కోసం అంతకుముందు రెండుసార్లు ఎక్కిన మెట్లే.

"రికార్డులో అక్కడ శ్మశానం లేదమ్మా" అన్నాడు ఆఫీసరు.

"లేకపోతే మా ఆయన లేచి ఇంటికి రావాలి కదా నాయనా! ఇన్నేళ్లూ రాలేదే?"

"వెళ్లి చూశాం. ప్రతి రాయి మీదా కాంట్రాక్టరు గుర్తుంది. ఆయన సరుకు, ఆయన యార్డు."

నిజమే. క్వారీలో రాయి చెక్కడం పూర్తవగానే మూలన కాంట్రాక్టరు గుర్తుగా మూడు గీతలు కొట్టాలి. గీతలు లేని రాయిని చెక్‌పోస్టు వాళ్లు దాటనివ్వరు. ఆ అలవాటున సొంతవాళ్ల సమాధి రాళ్ల మీద కూడా చేతులు వాటంతట అవే గీతలు కొట్టేశాయి.

అత్త తిరిగొచ్చి సంగతి చెప్పగానే గేటు దగ్గర కూలీల మధ్య గొడవ మొదలైంది.

"బుద్ధిలేదురా మీకు?"

"నువ్వు మీ అమ్మ రాయి మీద కొట్టలేదూ? పెద్ద చెప్పొచ్చావు!"

"నోళ్లు ముయ్యండెహె!" అత్త అరిచింది. "కొట్టిన చేతులకి చెరపడం రాదా?"

గేటును కీళ్లతో సహా ఊడబెరికి పక్కన పడేశారు. ముందు మేస్త్రిని పూడ్చారు. ఆ తర్వాత ఎవరి వాళ్ల రాయి దగ్గర వాళ్లు ఉలి పట్టుకుని కూర్చున్నారు.

కాంట్రాక్టరు పోలీసులతో వచ్చేసరికి సగం రాళ్ల మూలలు నున్నగా ఉన్నాయి.

"నా గుర్తు మళ్లీ కొట్టండి!"

ఒక్కరూ కదల్లేదు. పంతం కొద్దీ తనే సుత్తి ఎత్తి, బొటనవేలి మీద వేసుకున్నాడు. ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆ కోపమంతా అత్త మీదికి తిరిగింది. ఆవిడ మొగుడి రాయి మీద ఇంకా ఒక గీత మిగిలుంది.

"ఈ ఒక్కటీ కానీ, వస్తాను" అందావిడ. పోలీసులు వినకుండా జీపెక్కించారు. మేస్త్రి కూతురు వచ్చి ఆ ఉలి అందుకుంది.

మర్నాడు క్వారీలో రాళ్లన్నీ చక్కగా తెగాయి. ఒక్కదాని మీదా గీత లేదు. చెక్‌పోస్టు నుంచి లారీలన్నీ వెనక్కొచ్చాయి. కాంట్రాక్టరు గుమాస్తా రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"గుర్తేదిరా?"

"ముందు మా అత్తని తీసుకురండి. అది శ్మశానమేనని కాగితం రాయించి తీసుకురండి. గుర్తు సంగతి అప్పుడు చూద్దాం" అన్నారు కూలీలు.

మూడోరోజుకు అత్తను వదిలారు. కాగితం ఇంకా రాలేదు. లారీలూ కదల్లేదు.